మూటల షెడ్డు బెల్లం

మా అక్క పెళ్లి రోజు పొద్దున్నుంచి కుర్చీలు మోసి, పందిట్లో ఒక మూల చెమట తుడుచుకుంటూ నిలబడ్డాను. పెళ్లికొడుకు వేషంలో ఉన్న మా బావ నన్ను చూసి పక్కవాళ్లను, "గీ పోరడెవడు? టెంటోడి మనిషా?" అని అడిగాడు. పెళ్లికూతురి తమ్ముడని ఎవరో చెప్పారు. "అవునా, పోలికల్లేవు గదా" అన్నాడు. ఆ మాటకు నవ్వినవాళ్లలో కొందరు చనిపోయారు. మిగతావాళ్లు నాకు గుర్తున్నారు.

ఆ బావే తర్వాత నన్ను రేకుల ఫ్యాక్టరీలో పెట్టించాడు. అది హైదరాబాద్ దారిలో ఉండేది. ఇళ్ల కప్పు మీద వేసే సిమెంటు రేకులు చేసేవారు. వానలు పడని ఏడాది నారాయణఖేడ్, కంగ్టి, మనూర్ దిక్కు నుంచి వలస పోయినవాళ్లం చాలామందిమి అందులో కుదురుకున్నాం. రేకుకు సిమెంటు ఒక్కటే చాలదు, గట్టి పట్టు కోసం రాతినార కలపాలి. రాతిని దంచి తీసిన నార అది. చూడటానికి పాత పరుపులోని దూదిలా ఉండేది. మూటల్లో వచ్చేది. ఆ మూటలు కోసి, దులిపి, నార పోసేచోటు మూటల షెడ్డు. దాన్ని సిమెంటుతో, నీళ్లతో కలిపేచోటు తొట్టి. తయారైన రేకులను ఆరబెట్టి పేర్చేది యార్డులో.

బావ పని మూటల షెడ్డులో, నా పని యార్డులో. అంటే ఆయన నీడకు, నేను ఎండకు. లోపల పని ఇప్పించమని అడిగితే సూపర్‌వైజరు ముందే, "నీకు నోరెక్కువ, చెయ్యి తక్కువ. లోపల పనికి నువ్వు ఆగవు రా" అన్నాడు. సూపర్‌వైజరు నవ్వాడు. అతనూ నాకు గుర్తున్నాడు.

ఎండ సంగతి పక్కన పెట్టినా బెల్లం సంగతి పక్కన పెట్టలేను. షిఫ్టు దిగేటప్పుడు గేటు దగ్గర బెల్లం పంచేవారు. మూటల షెడ్డు వాళ్లకు గుప్పెట్లో పట్టనంత ముద్ద. తొట్టి దగ్గర వాళ్లకు నిమ్మకాయంత. యార్డు వాళ్లకు ఏమీ లేదు. అది ఎందుకిస్తున్నారో కంపెనీ చెప్పలేదు, మేమూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు. మా దిక్కు మర్యాద అంటే ఎవరికి ముందు వడ్డించారు, ఎవరి విస్తట్లో ఎన్ని ముక్కలు పడ్డాయి అన్నదే. అందుకని బెల్లం కూడా మర్యాదే అనుకున్నాం. పెద్ద ముద్ద వస్తే పెద్ద మనిషి. చిన్నది వస్తే చిన్న మనిషి. మనూర్ దిక్కు వాడొకడు సూపర్‌వైజరుకు నాటుకోడి ఇచ్చి మరీ తొట్టి దగ్గర నుంచి మూటల షెడ్డులోకి మారాడు. మారిన రోజు చేతిలో ముద్ద పెట్టుకుని, కొత్తగా సర్పంచి అయినవాడిలా గేటు దాటాడు.

నేను మేనేజరు గదికి వెళ్లి యార్డువాళ్లకు బెల్లం ఎందుకు లేదని అడిగాను. "నువ్వు ఎండల పని చేస్తున్నవు కదా, నీకు బెల్లం కాదు, మజ్జిగ మంచిది" అన్నాడు. సరే, మజ్జిగ ఇవ్వమన్నాను. బయటికి పొమ్మన్నాడు. ఆ సాయంత్రం మేముండే గదికి నడిచి వస్తుంటే బావ తన ముద్ద నా ముక్కు కింద పెట్టి, "వాసన సూడు రా బామ్మర్దీ. నీకు గంతే రాసుంది" అన్నాడు.

రెండువేల ఒకటిలో నేను ఆ పని మానేసి నారాయణఖేడ్‌కు తిరిగి వచ్చి, బస్టాండు దగ్గర టెంట్లు, కుర్చీలు కిరాయికిచ్చే దుకాణం పెట్టుకున్నాను. ఆ సంగతి తెలిసి బావ, "నేను పెండ్లినాడే చెప్పిన గదా" అని కబురు పంపాడు.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. బావ కూడా వచ్చాడు, దగ్గుతో వచ్చాడు. మొదట దగ్గు, తర్వాత ఆయాసం. సర్కారు దవాఖానలో ఎక్స్‌రే తీసి మచ్చలున్నాయన్నారు, టీబీ అన్నారు, గోళీల కోర్సు ఇచ్చారు. కోర్సు అయిపోయింది, ఆయాసం పోలేదు. మళ్లీ కోర్సు ఇచ్చారు. తెమడలో ఏమీ కనిపించలేదని ఒకసారి చెప్పారు, అయినా గోళీలు వేసుకోమన్నారు. వేసుకుంటూనే ఉన్నాడు.

టీబీ అనగానే ఇంట్లో ఆయన స్థానం మారింది. మంచం ఇంటి వెనక పశువుల కొట్టంలోకి పోయింది. పళ్లెం వేరు, గ్లాసు వేరు, కడిగే చోటు వేరు. అక్క అన్నం తెచ్చి గడప దగ్గర పెట్టి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని వెనక్కి వచ్చేది. మనుమరాలు పుట్టింది. ఆయన ఆ పిల్లను ఎత్తుకోలేదు. పిల్ల వాకిట్లో ఆడుకుంటూ కొట్టం వైపు అడుగేస్తే ఇంట్లోవాళ్లంతా ఒకేసారి అరిచేవాళ్లు. మా చర్చి పాస్టరు కూడా ప్రార్థన చేయడానికి వచ్చి, దొడ్డి గేటు దగ్గరే ఆగి, దేవుడికి వినిపించేంత గట్టిగా చేసి వెళ్లిపోయేవాడు.

నేను మాత్రం కొట్టంలోకి వెళ్లి ఎడ్లకు మేత వేసే గాడి మీద కూర్చునేవాణ్ని. ప్రేమ కాదు. ఆయన నాకు చెప్పాల్సిన జవాబులు చాలా మిగిలి ఉన్నాయి. దూరం నుంచి అరిస్తే పోట్లాట రుచి ఉండదు.

"నీకు టీబీ అంటదా?" అని ఒకసారి అడిగాడు.

"నీ దగ్గరి నుంచి నాకు ఇంతవరకు ఏదైనా వచ్చిందా బావా?" అన్నాను.

రెండువేల పదకొండో, పన్నెండో. హైదరాబాద్ నుంచి ఒక డాక్టరమ్మ, ఆమెతో ఒక రాసుకునే కుర్రాడు ఖేడ్‌కు వచ్చారు. పాత రేకుల ఫ్యాక్టరీలో పని చేసిన వాళ్లంతా చర్చి పక్కన హాలుకు రావాలని కబురు చేశారు. ఫ్యాక్టరీ లేదు, షెడ్డు కూడా విప్పుకుపోయారు. అప్పట్లో అక్కడ దుమ్ము ఎంతుందో ఎవరూ కొలవలేదట. కొలిచి ఉంటే ఆ కాగితాలు కూడా షెడ్డుతోనే పోయాయి. అందుకని ఎవరు ఎక్కడ, ఎన్నేళ్లు, ఎట్లాంటి పని చేశారో అడిగి, వేరే చోట్ల అట్లాంటి పనిలో ఎంత దుమ్ము లేచిందో దానితో సరిచూసి, ఒక్కొక్కరూ ఎంత దుమ్ము పీల్చారో అంచనా కడతారట. ఎక్కువ పీల్చినట్టు తేలినవాళ్లను హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకెళ్లి ఊపిరితిత్తులను బాగా పరీక్ష చేయిస్తారు. వ్యానులో జాగా తక్కువ కాబట్టి తక్కువ దుమ్మువాళ్లకు పిలుపు లేదు.

నాకు అప్పుడే అనుమానం తగిలింది. బావది టీబీ కాకపోతే? కాదని తేలితే ఆయన కొట్టంలో ఎందుకుండాలి? ఈ మాట అక్కతో అన్నాను. "నువ్వు డాక్టరువా తమ్మీ?" అంది. అదీ గుర్తుంది.

హాలుకు కుర్చీలు నా దుకాణం నుంచే వెళ్లాయి. చివరి వరుస సర్దుతుంటే ఆ రాసుకునే కుర్రాడు వచ్చి, "అయిపోయిందా? ఇక మీరు వెళ్లొచ్చు, అయ్యాక పిలుస్తాం" అన్నాడు. నేను కూడా ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవాణ్నే అన్నాను. నమ్మనట్టు చూశాడు. ఒక కుర్చీ లాక్కుని మొదటి వరుసలో కూర్చున్నాను. కుర్చీ నాదే కదా.

బావను ఆటోలో తీసుకొచ్చాను. ఆటో దిగి హాలు మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. లోపలికి రాగానే పాతవాళ్లందరినీ చూసి మీసం సర్దుకున్నాడు. అప్పుడే నాకు భయమేసింది.

డాక్టరమ్మ మంచిగానే మాట్లాడింది. మూటల షెడ్డులో దుమ్ము ఎట్లా ఉండేదో చెప్పమంది.

"దుమ్ముకేంది మేడం," అన్నాడొకడు. "కందులు కొట్టినప్పుడు గంతకన్న ఎక్కువ లేస్తది."

"జొన్న కంకి దుమ్ము తగిలితే ఒళ్లంత దురద మేడం. గీ నార మెత్తగుండె," అన్నాడు ఇంకొకడు.

కోడి ఇచ్చి షెడ్డులోకి మారినవాడు ఇంకా ముందుకు పోయాడు. "పైనకెల్లి పూలు రాలినట్టుండె మేడం. మంచిగనిపించేది."

వాళ్లెందుకు అట్లా అంటున్నారో నాకు తెలుసు. ఒకడి కొడుక్కి సంబంధం చూస్తున్నారు, తండ్రి రొమ్ములో రోగం ఉందంటే పిల్లనివ్వరు. ఒకడు డాక్టరమ్మను కంపెనీ మనిషి అనుకున్నాడు. మిగతావాళ్లకు కారణం ఏమీ లేదు. పదిమందిలో 'నేను దుమ్ముకు ఆగలేకపోయాను' అని చెప్పే మగవాణ్ని నేను కంగ్టి నుంచి నాగల్‌గిద్ద దాకా ఎక్కడా చూడలేదు.

బావ వంతు వచ్చింది.

"ఎదురుగా పనిచేసే మనిషి మీకు స్పష్టంగా కనిపించేవాడా?" అని డాక్టరమ్మ అడిగింది.

"కనపడకుంటె ఎట్ల పని చేస్తం మేడం?"

"పనయ్యాక ఒంటిమీద, తలలో దుమ్ము ఉండేదా?"

"దులుపుకుంటె పోతుండె. మొగోనికి దుమ్మేంది?" అన్నాడు. ఆ మాట చివరి అక్షరం దగ్గరే దగ్గు అందుకుంది. దగ్గుతూనే చేయి ఊపాడు, ఏమీ లేదన్నట్టు. రాసుకునే కుర్రాడు 'తక్కువ' అని రాశాడు. తలకిందులుగా ఉన్నా చదవగలను నేను.

"అబద్ధం మేడం," అని లేచాను. "షిఫ్టు దిగి వస్తే ఈయన కనురెప్పల మీద కూడా తెల్లగ ఉంటుండె."

హాలంతా నవ్వింది. "మేడం, వీని మాట రాసుకోకండ్రి," అన్నాడు కోడివాడు. "వీడు సావుకాడ కూడ కుర్చీలు తక్కువొచ్చినయని పంచాయతి పెట్టే మనిషి."

అది అబద్ధం. ఆ రోజు కుర్చీలు ఎక్కువొచ్చాయి.

"మీరు ఆ షెడ్డు లోపల పనిచేశారా?" అని డాక్టరమ్మ నన్ను అడిగింది.

"లేదు. యార్డుల."

"లోపలికి వెళ్లి చూసేవారా?"

"యార్డోళ్లను రానియ్యకపోయేది."

ఆమె మర్యాదగానే తల ఊపింది. నా సాక్ష్యం అక్కడితో ముగిసింది. బావ నా వైపు చూడకుండా కండువాతో మూతి తుడుచుకున్నాడు. మళ్లీ కొట్టం, మళ్లీ గోళీలు. నాకు ఒళ్లు మండింది. మండినప్పుడు నోట్లోంచి వచ్చేది ముందువెనకలు చూసుకుని రాదు.

"యార్డోళ్లను దేనికీ రానియ్యలేదు మేడం. లోపలికి రానియ్యలే. బెల్లం కూడ ఇయ్యలే. వీళ్లందరికి ముద్దలు ముద్దలు బెల్లం, మాకు ఎండ. అది కూడ రాసుకోండ్రి."

"అవన్నీ ఇప్పుడెందుకు?" అని కుర్రాడు కలం మూత పెట్టాడు.

డాక్టరమ్మ తలెత్తింది. "ఏం బెల్లం?"

ఇన్నేళ్లలో నా బెల్లం గురించి ఎవరైనా అడగడం అదే మొదలు. చెప్పాను. గేటు, షిఫ్టు, ముద్దలు, మేనేజరు, మజ్జిగ, అన్నీ చెప్పాను. ఆమె మజ్జిగ దగ్గర ఆపి, "ఎవరికి ఎంత ఇచ్చేవారు?" అంది.

నేను నోరు తెరిచేలోపే హాలంతా అందుకుంది. దుమ్ము గురించి నోరు విప్పని వాళ్లు బెల్లం గురించి ఒకరి మీద ఒకరు పడ్డారు.

"మూటలు కోసేటోళ్లకు పెద్దది మేడం. మేం కోసేటోళ్లం."

"నార దులిపేటోళ్లకు ఇంక పెద్దది. నువ్వు ఊకె కోసి పక్కకు జరుగుతుంటివి."

"తొట్టికాడ మీకేముండె? నిమ్మకాయంత!"

"నిమ్మకాయ గాదు, పెద్ద నిమ్మకాయ!"

"అందరికన్న పెద్ద ముద్ద ఎవరికి?" అని డాక్టరమ్మ అడిగింది.

బావ రొమ్ము ముందుకు వచ్చింది. "నాకు," అన్నాడు. "అడగండ్రి ఎవర్నన్న. దులిపే కాడ నేనే ముందు. మొదలు నా చేతుల పెట్టినంకనే ఎవరికైన." ఒక్కరూ కాదనలేదు. కోడివాడు కూడా అవునన్నట్టు తల ఊపాడు.

"ఎప్పుడూ అంతే ఇచ్చేవారా?" అంది ఆమె.

దీనికి జవాబు వాళ్లకు లేదు, నాకుంది. అన్యాయం పెరిగిన రోజులు నాకు బాగా గుర్తుంటాయి. ఫ్యాక్టరీ బోరు ఎండిపోయిన ఏడు, షెడ్డులో నార మీద నీళ్లు చల్లడం ఆపేశారని అప్పట్లో బావే అన్నాడు. ఆ ఏడే వాళ్ల ముద్దలు ఇంకా పెద్దవయ్యాయి. నీళ్లు కూడా తక్కువైన ఏడు వీళ్లకు మర్యాద ఎందుకు పెరిగిందని నేను గేటు దగ్గర లొల్లి పెట్టుకున్నాను కాబట్టి ఆ సంగతి ఇంకొకరిని అడగక్కర్లేదు. వాన పడి, చల్లడం మళ్లీ మొదలయ్యాక ముద్ద తగ్గింది. అప్పుడు బావ అలిగి ఒక పూట బెల్లం తీసుకోలేదు.

డాక్టరమ్మ కుర్రాడి దగ్గర కలం తీసుకుని తానే రాసింది. రాసి, మెల్లగా చెప్పింది. "గొంతులో దుమ్ము దిగిపోతుందని కొన్ని చోట్ల బెల్లం ఇస్తారు. దానివల్ల ఊపిరితిత్తుల్లో దుమ్ము పోదు. కానీ ఎవరికి ఎక్కువ ఇవ్వాలో మీ కంపెనీకి తెలుసు. ఇది కొలత కాదు, ఎవరు ఎక్కువ దుమ్ము పీల్చారన్న వరుస మాత్రమే చెబుతుంది. నాకు ఆ వరుసే కావాలి."



"అంటె... నేను కోడినిచ్చి..." అని మొదలుపెట్టి, కోడివాడు అక్కడే ఆగిపోయాడు. ఎవరూ నవ్వలేదు. నేను కూడా. తర్వాత కుర్చీ వెనక్కి జరుపుకుని, "మేడం, నాది మళ్ల రాయండ్రి. పూలు రాల్లేదు," అన్నాడు. వాడి వెనక ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు. ట్యూబులైటు పొద్దున్నే మసకబారేదని ఒకరు, మూట దులిపితే పక్కవాణ్ని పిలిచి ఉన్నాడో లేడో తెలుసుకునేవాళ్లమని ఒకరు. బావ ఒక్కడే తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆయన పేరు ఎదురుగా 'తక్కువ' కొట్టేసి 'చాలా ఎక్కువ' అని రాశారు.

నా పేరు ఎదురుగా 'చాలా తక్కువ' పడింది.

"ఇక్కడ కూడ నాకే తక్కువనా?" అన్నాను.

"ఈ వరుసలో చివర ఉన్నందుకు సంతోషపడాలండీ మీరు," అంది డాక్టరమ్మ. రేకులు కోసేటప్పుడు యార్డులో కూడా దుమ్ము లేచేదని వాదించాను. అది కూడా రాసుకుంది, కానీ వరుస మార్చలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో బావ, పెట్రోలు బంకు దాటాక, "ఎండల ఏసిన్నని ఇన్నేండ్లు మొత్తుకుంటివి గదా," అన్నాడు.

"తెలిసే ఏసినవా బావా?"

"తెలిస్తె నేనెందుకు లోపలుంట, పిచ్చోడా?"

హైదరాబాద్‌లో పరీక్షలకు నేనే తోడు వెళ్లాను. వ్యానులో కిటికీ సీటు ఆయనదే. పెద్ద మిషన్లో పెట్టి ఫోటో తీశారు, గొట్టంలో ఊదించారు, మళ్లీ తెమడ చూశారు. ఆఖరికి పెద్ద డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. టీబీ లేదు. రాతినార దుమ్ము లోపల గుచ్చుకుని ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. అది తిరిగి మెత్తబడదు, దానికి మందు లేదు. ఆయాసం ఎక్కువైనప్పుడు వాడటానికి ఏవో రాసిచ్చాడు. టీబీ గోళీలు ఆపేయమన్నాడు.

"ఇది ఇంట్లోవాళ్లకు అంటుకుంటదా సార్?" అని నేను అడిగాను.

"అస్సలు అంటదు."

"చిన్నపిల్లలకు?"

"ఎవరికీ అంటదు."

దవాఖాన బయట చెట్టు కింద కూర్చున్నాక బావ నా మీద పడ్డాడు. "టీబీ ఉన్నప్పుడు ఏనాటికన్న తక్కువైతదని ఉండె. నీ లొల్లితోని తక్కువగాని రోగం తెచ్చిపెట్టినవు గదా."

"నేను తెచ్చిన్నా? నువ్వే పెద్ద ముద్ద కావాలని ఎగబడి తెచ్చుకున్నవు."

"గోళీలన్న ఉండె. ఇప్పుడేమున్నది?" అన్నాడు. నేను లేచి దవాఖాన ముందరి బండి దగ్గరికి వెళ్లాను.   చాయ్ తెచ్చిస్తే చక్కెర తక్కువైందన్నాడు.

ఖేడ్‌లో దిగి ఇంటికి వెళ్లేసరికి అక్క వాకిట్లో కందులు చెరుగుతోంది. టీబీ కాదని, అంటుకునేది కాదని చెప్పాను. రెండోసారి చెప్పించుకుంది. చేట పక్కన పెట్టి, బావ ముఖం చూడకుండా కొట్టంలోకి వెళ్లింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. మంచం ఒక కోడు పట్టుకుని, "రెండో దిక్కు పట్టు తమ్మీ. ఏం సూస్తున్నవు?" అని అరిచింది. మంచం నడి ఇంట్లోకి వచ్చింది. అది గుమ్మంలో పట్టక అడ్డం తిప్పి, నిలువు తిప్పి, నా వేలు నలిగి ఆఖరికి లోపలికి వెళ్లింది. వేలి సంగతి ఎవరూ అడగలేదు.

మనుమరాలు మాత్రం మొదట్లో ఆయన దగ్గరికి రాలేదు. అన్నేళ్లు అందరూ అరిచి భయపెట్టిన పిల్ల, ఒక్కపూటలో ఎందుకొస్తుంది? తలుపు చాటు నుంచి చూసేది. ఆయన పిలవలేదు, ఆయనకూ రోషమే. పిల్ల ఒకరోజు గాలిపటం దారం చిక్కు పడిందని విసుక్కుంటూ మంచం మీదికి విసిరేసింది. ఆయన దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. సగం విప్పేలోపు పిల్ల మంచం ఎక్కి కూర్చుంది. అక్క వంటింట్లోంచి తొంగిచూసింది, ఎవరూ అరవలేదు.

ఆయాసం తగ్గలేదు. ఏడాదికేడాది పెరిగింది. రెండువేల పద్నాలుగు వచ్చేసరికి ఒక ఊపిరికి నాలుగు మాటలకన్నా ఎక్కువ వచ్చేవి కావు. ఆ నాలుగూ నా మీదే పెట్టేవాడు. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే, "వచ్చిండు సూడు, మన..." అని మొదలుపెట్టి, ఊపిరి అందక మంచం పట్టె పట్టుకునేవాడు. పక్కన ఆయన తొడ మీద తల పెట్టుకుని పడుకున్న పిల్ల, తల ఎత్తకుండానే మిగతాది అందుకునేది.

"మన లొల్లి తాత! ఇగ పంచాయతి షురూ!"

బావ తల ఊపేవాడు, సరిగ్గా చెప్పింది అన్నట్టు. పిల్లను పాడుచేస్తున్నాడని అక్కతో చాలాసార్లు చెప్పాను. ఆమె ఇంతవరకు పట్టించుకోలేదు.